సాగనంపే పాట

సోమవారం పొద్దున షట్టరు ఎత్తగానే, లైటు కూడా వేయకముందే, నాన్న అలవాటు ప్రకారం టేపు రికార్డరు మీట నొక్కాడు. వేణువు కాసేపు బాగానే పలికింది. తర్వాత గొంతులో మెతుకు అడ్డం పడ్డట్టు గురగురమని ఆగిపోయింది. బొంగరం చేతిలో చీపురు వదిలేసి పరుగెత్తుకొచ్చి మూత తెరిచేసరికి, లోపల టేపంతా చక్రాలకు చుట్టుకుపోయి ఉంది. ఇన్నేళ్లుగా బుద్ధిగా పాడినదాన్ని ఆ పాడు మిషను ఒక్క గుక్కలో నమిలేసింది.

బొంగరం ఆయన కూతురు. ఒక్కచోట నిలవదని చిన్నప్పుడు ఆయనే పెట్టిన పేరు. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే తనే వెంటనే పలకదు. కుట్టుమిషన్లు బాగుచేసే ఆ షాపులో పనంతా ఇప్పుడు ఆమెదే. నాన్నకు మిగిలింది గుమ్మం పక్కన ఎత్తు స్టూలు, వచ్చేపోయేవాళ్లతో కబుర్లు, కూతురు చేసే ప్రతి పనికీ ఒక వంక.

"లాగకే! లాగితే సాగుతుంది."

"లాగట్లేదు నాన్నా. పట్టకారుతో తీస్తున్నాను."

"పట్టకారుతో లాగుతున్నావు."

బాబిన్ గూట్లో ఇరుక్కున్న దారం పోగులు తీసే సన్నటి పట్టకారు అది. దాంతో మెల్లమెల్లగా తీసినా టేపు ముడతలు పడి, రెండు చోట్ల తెగి బయటికొచ్చింది. నాన్న క్యాసెట్టును అరచేతిలో పెట్టుకుని, దాని మీద తనే ఎప్పుడో రాసుకున్న 'బ్రిటనీ ఫ్లూటు' అన్న అక్షరాలను బొటనవేలితో రుద్దాడు.

ఆ క్యాసెట్టు తెలియనివాళ్లు ఆ షాపు చుట్టుపక్కల లేరు. అందులో మూడో పాట మొదలైందంటే నాన్న కళ్లు మూసుకుంటాడు. మిషను తెచ్చినవాడు ఎంత తొందరలో ఉన్నా నోరు మూసుకుని నిలబడాలి. కాళ్లీడ్చుకుంటూ నడిచే మనిషిలా సాగుతుంది ఆ వేణువు. మధ్యలో ఒకచోట ఎవరో మగమనిషి బొంగురు గొంతుతో మూలిగినట్టు వినిపిస్తుంది. "పాపం, వీడికి బాగా కావలసినవాళ్లెవరో పోయారు," అంటాడు నాన్న. ఆ వెంటనే తప్పకుండా ఇంకో మాట కూడా అంటాడు. "నేను పోయినప్పుడు ఏడుపులూ పెడబొబ్బలూ వద్దు. ఇది పెట్టండి, చాలు."

"సరేలే, ఇంకోటి కొనుక్కొస్తాను," అంది బొంగరం, తెగిన ముక్కలు పళ్లెంలోకి చేరుస్తూ. "ముందు శుక్రవారం సంగతి చూడు. ఖాళీ కడుపుతో రమ్మంది డాక్టరమ్మ, గుర్తుందిగా?"

"శుక్రవారం గిక్రవారం ఏం లేదు."

"ఏంటి?"

"ఆ పాట నా చెవిన పడితేనే నేను ఆపరేషన్ బల్ల ఎక్కేది. అక్కడ అటో ఇటో అయిందనుకో, నన్ను దేంతో సాగనంపుతారు? మీ ఆయన వ్యాను హారన్‌తోనా?"

బొంగరం నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగింది. ఆయన వేళాకోళం ఆడట్లేదు. పిత్తాశయం నిండా రాళ్లు. ఇప్పటికే రెండుసార్లు నొప్పి వచ్చి మంచం మీద విల్లులా వంగిపోయాడు. ఈసారి వస్తే లోపల చీము పట్టవచ్చు, అప్పుడు ఇంత తేలిగ్గా ఉండదు అని డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచి చెప్పింది. ఆ రోజు నుంచీ ఆయన కుడిచేత్తో పక్కటెముకల కింద తడుముకున్నప్పుడల్లా బొంగరం చేతిలో పని ఆపి చూస్తోంది. ఆయన్ని ఒప్పించడానికే నెల పట్టింది. ఇప్పుడీ క్యాసెట్టు గొడవ.

ఇంటి అల్లుడు, అంటే బొంగరం మొగుడు, స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లల్ని దింపేసి టీ తాగడానికి వచ్చినవాడు సంగతి విని ఫోను తీశాడు.

"ఇంత మాత్రానికేనా మామయ్యా! ఈ రోజుల్లో దొరకనిదేముంది? బ్రిటనీ, ఫ్లూటు. ఇదిగో, ఎన్ని కావాలి?"

ఒక్కొక్కటే పెట్టాడు. ఫ్రాన్సు దేశానికి పడమటి కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ ప్రాంతంలో వేణువు ఊదని మగాడు లేడా అన్నంతగా వచ్చాయి పాటలు. నాన్న ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాదు. ఇదీ కాదు. అన్నీ గంతులే. మావాడు మర్యాదస్థుడయ్యా, నింపాదిగా వాయిస్తాడు."

"వాయించినాయన పేరేంటి మామయ్యా?"

"నాకేం తెలుసు? ఓడలో వంట చేసే ఆయన ఉండేవాడు కదా, వాళ్లావిడ మిషను బాగుచేసినప్పుడు వినమని ఇచ్చాడు. అట్ట కూడా లేదు, ఉత్త కాగితం కవరు. పక్క షాపులో ప్లేయరుంటే దాని మీద పెట్టి టేపులోకి ఎక్కించుకుని తిరిగిచ్చేశాను. ఆ మొగుడూ పెళ్లాలు ఊరు వదిలి ఎప్పుడో పోయారు." ఈ చివరి మాట అనేటప్పుడు ఆయన గొంతులో బాధకంటే ధీమా ఎక్కువగా ఉంది. బొంగరం అప్పుడది పట్టించుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె షాపుకు సగం షట్టరు దించి, పాత రికార్డులు అమ్మే ఆయన దగ్గరికి వెళ్లింది. మెట్లు దిగి వెళ్లాల్సిన నేలమాళిగ గది అది. నేల నుంచి కప్పు దాకా రికార్డులే. మనిషి కూర్చోవడానికి తప్ప దేనికైనా చోటుంది అక్కడ. అందరూ ఆయన్ని రికార్డుల బాబాయి అంటారు. ఆయన ఒక రికార్డును ఒడిలో పెట్టుకుని, పసిపిల్లకు తల దువ్వినట్టు మెత్తటి బ్రష్షుతో గుండ్రంగా తుడుస్తున్నాడు.

ఓడ వంటాయన ఇచ్చిన రికార్డని బొంగరం చెబితే, "పాట ఎలా ఉంటుందో పాడమ్మా," అన్నాడు తల ఎత్తకుండానే.

బొంగరానికి పాడటం రాదు. అయినా మూడో పాట మొదటి చరణాన్ని, నాన్న కళ్లు మూసుకునే ఆ చోటును, ముక్కుతో మెల్లగా లాగి లాగి మూలిగింది. రికార్డుల బాబాయి బ్రష్షు ఆపాడు.

"శవం ముందు వాయించేదా?"

"అదే! అదే బాబాయ్!"

"నేనెప్పుడూ వినలేదు."

బొంగరం ముఖం వాడిపోవడం చూసి ఆయన నాలుక కరుచుకున్నాడు. "పాట వినలేదన్నాను గానీ, ఓడ వంటాయన రికార్డు తెలియదన్నానా? ఊరు వదిలేటప్పుడు నాకే అమ్మాడు. నల్లకర్ర వేణువు. కొన్నే వేశారట, వేసిన కంపెనీ కూడా ఆ తర్వాత మూతపడిందట. అట్టను గోడకు కొట్టుకున్నాడు మహానుభావుడు, మేకు చిల్లుతో సహా తెచ్చిచ్చాడు. సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా విందామని పక్కన పెట్టానా, మధ్యాహ్నమే ఒకాయన వచ్చి ఎగరేసుకుపోయాడు. అప్పటినుంచీ ఇదిగో, ఇక్కడ ముల్లు." గుండె మీద వేలితో పొడుచుకుని చూపించాడు.

"ఎవరు బాబాయ్ ఆయన?"

"అది చెప్పకూడదు. నా దగ్గర ఎవరు ఏం కొన్నారో నేను చెప్పను. డాక్టరు ఒకరి రోగం ఇంకొకరికి చెప్తాడా?"

"మా నాన్న రోగం నేనే చెప్తాను, విను," అంటూ బొంగరం అట్టపెట్టె మీద కూలబడింది. రాళ్ల సంగతి, శుక్రవారం సంగతి, సాగనంపే పాట సంగతి అంతా చెప్పింది. చెప్తుంటే మధ్యలో ఏడుపొచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసి, కోపంగా ముక్కు తుడుచుకుంది. రికార్డుల బాబాయి బ్రష్షు పక్కన పెట్టాడు.

"ఆయన పోయాడమ్మా, కొన్నాయన. వాళ్లావిడ కర్టెన్లు కుడుతుంది, బస్సు డిపో వెనక వీధిలో. కానీ ఒక్క మాట. దొరికితే నేను వినాలి. ప్లేయరు నేనే మోసుకొస్తాను."

బుధవారం బొంగరం పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని బయల్దేరింది. కర్టెన్ల పిన్ని ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. వీధిలోకే వినిపిస్తోంది మిషను చప్పుడు. నాలుగు కుట్లు పడటం, ఒకటి తప్పడం, వెంటనే ఆవిడ తిట్టడం. గుమ్మంలో నిలబడి ఒక్క నిమిషం వింటే చాలు, బొంగరానికి రోగం తెలిసిపోయింది.

"సూది సన్నమైంది పిన్నిగారూ. ఈ మందం గుడ్డకు అది వంగిపోతోంది."

"నువ్వెవరే తల్లీ, పిలవకుండా వచ్చిన దేవతా?"

బొంగరం సంచీ విప్పింది. లావు సూది ఎక్కించి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ వంగి చూసింది. సూది కిందికి దిగి మళ్లీ కాస్త లేచే ఆ క్షణానికి లోపల తిరిగే షటిల్ ముక్కు సరిగ్గా సూది బెజ్జానికి కాస్త పైగా వచ్చి దారాన్ని అందుకోవాలి. వెంట్రుకవాసి ఆలస్యమవుతోంది. మర వదులు చేసి, సర్ది, బిగించి, రెండు చుక్కలు నూనె వేసింది. పిన్ని పెడలు తొక్కింది. కుట్టు ఒక్కటి తప్పకుండా చివరిదాకా పరుగెత్తింది. ఆవిడ పొంగిపోయి టీ పెట్టడానికి లేవబోతే, బొంగరం వచ్చిన పని చెప్పింది.

"ఆయన రికార్డులా? ఎందుకు లేవూ, అదిగో," అంటూ పిన్ని గది మూలకు వేలు చూపింది.

బల్ల మీద కొత్త కర్టెను మడతలు పెట్టి పరిచి ఉంది. ఆ మడతలు అణగడానికి పైన ఒక చెక్క, చెక్క మీద మూరెడెత్తు రికార్డుల దొంతర.

"ప్లేయరు పాడైతే అమ్మేశాను. ఇవి మాత్రం పారేయబుద్ధి కాలేదు. బరువు చక్కగా సరిపోయింది, ఏ ఇస్త్రీకీ రాదు ఇంత నీటు," అంది పిన్ని గర్వంగా. రికార్డుల బాబాయి ఇక్కడ లేకపోవడమే మంచిదైందని బొంగరం అనుకుంది.

ఇద్దరూ కలిసి దొంతర దించారు. అడుగు నుంచి రెండోదిగా ఉంది అది. పైభాగాన మేకు చిల్లు. అట్ట మీద బొమ్మలో ఓడరేవు గట్టున ఆడామగా వరుసగా నిలబడి, ఒకరి చిటికెన వేలు ఒకరు పట్టుకుని ఉన్నారు. పక్కన ఒకడు నల్ల వేణువు పెదాలకు ఆనించుకున్నాడు. ఇంత బరువు కింద ఉన్నందుకు రికార్డు గాజుపలకలా చదునుగా ఉంది.

"పిన్నిగారూ, రేపొక్కరోజు ఇస్తే..."

"ఇవ్వను," అంది పిన్ని. రికార్డును గుండెకు హత్తుకుంది. "ఆయన దీన్ని ఇలాగే పట్టుకుని ఇంటికొచ్చాడు. నేను కర్టెన్ల గొడవలో పడి ఒక్కరోజైనా పక్కన కూర్చుని వినలేదు. నా చేయి దాటి పోదు ఇది." బొంగరం సంచీ సర్దుకుంటుంటే, ఆవిడే మళ్లీ అంది, "నన్ను కూడా తీసుకెళ్లు. అది నా ఒళ్లోనే వస్తుంది."

ఆ సాయంత్రం బొంగరం ఇంట్లోకి గాలిలా వచ్చింది. "దొరికింది నాన్నా!"

నాన్న కంచం ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. ఆయన ముఖం వెలుగుతుందని వీధి మలుపు నుంచీ ఊహించుకుంటూ వచ్చింది ఆమె. వెలగలేదు సరికదా, ఉన్న రంగు కూడా దిగిపోయింది.

"ఏది దొరికింది?"

"పాట! అదే రికార్డు. ఓడ వంటాయనదే."

"అదేనని ఏంటి నమ్మకం?" అన్నాడు ఆయన. ముద్ద కంచంలో వదిలేసి, "రికార్డులు వంకర్లు పోతాయి. పాడై ఉంటుంది," అన్నాడు. ఆ తర్వాత ఆకలి లేదని లేచి చేయి కడుక్కున్నాడు.

ఆయన వీపు చూస్తుంటే అర్థమైంది బొంగరానికి. దొరకదనే ఆయన వెతకమన్నాడు. ఓడవాళ్లు ఊరు వదిలిపోయారని అంత నిబ్బరంగా చెప్పింది అందుకే. ఆపరేషనంటే భయమని నోటితో అనలేక పాటను అడ్డం పెట్టుకున్నాడు, తను రెండు రోజులుగా పాట కోసం తిరిగితే, ఆయనకు కావలసింది పాట కాదు, వాయిదా. ఒక్క క్షణం ఒళ్లు మండిపోయింది. తువ్వాలుతో అవసరానికి మించి చేతులు తుడుచుకుంటున్న ఆయన్ని చూడగానే ఆ కోపం ఎటు పోయిందో కూడా తెలియలేదు. కంచం తీసి లోపల పెట్టింది.

గురువారం సాయంత్రం షాపులో బాగుచేయాల్సిన మిషన్లన్నీ గోడవారకు జరిపారు. రికార్డుల బాబాయి ప్లేయరును దుప్పట్లో చుట్టి, పెళ్లికూతుర్ని పల్లకీ దించినంత జాగ్రత్తగా బల్ల మీద దించాడు. అల్లుడు స్పీకర్లు కలిపాడు. కర్టెన్ల పిన్ని బస్సులో ఎవర్నీ పక్కన కూర్చోనివ్వకుండా తెచ్చిన రికార్డును బాబాయి చేతికి కూడా వెంటనే ఇవ్వలేదు. ఆయన చేతులు కడుక్కొచ్చి చూపించాక ఇచ్చింది.

"కర్టెన్ల కింద పెట్టారటగా," అన్నాడు బాబాయి తట్టుకోలేక.

"గీత పడిందా?" అంది పిన్ని.

ఆయన లైటుకు ఎత్తి అటూ ఇటూ వంచి చూశాడు. "లేదు," అని ఒప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత రికార్డు నడిమధ్యన ఉన్న కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూసి, ఏదో అనబోయాడు.

"ముప్పైమూడు మీద పెట్టు," అన్నాడు నాన్న స్టూలు మీద నుంచి. పొద్దుటి నుంచీ ఆయన మాట్లాడింది అదే. "పెద్ద రికార్డుకు ముప్పైమూడు, చిన్నదానికి నలభైఅయిదు. నేనే ఎక్కించాను, నాకు తెలియదా?"

బాబాయి నోరు మూసుకుని ముప్పైమూడు మీదే పెట్టాడు. ముల్లు దించింది మూడో పాట మీద.

అదే వేణువు. క్యాసెట్టు బుసబుసలు లేకుండా, ఊపిరి తీయడం కూడా వినిపించేంత తేటగా ఉంది. కాళ్లీడ్చుకుంటూ వచ్చి షాపంతా నిండింది. నాన్న కళ్లు మూసుకున్నాడు. మధ్యలో ఆ బొంగురు మూలుగు వచ్చింది. పిన్ని కొంగుతో కళ్లొత్తుకుంది. అల్లుడు నేల చూపులు చూశాడు. బొంగరం మాత్రం నాన్న చేతుల్నే చూసింది. అవి స్టూలు అంచును వదలకుండా పట్టుకున్నాయి. దగ్గరికెళ్లి పట్టుకోవాలనిపించింది, కానీ పట్టుకుంటే ఆయన ఏడుస్తాడేమోనని కదల్లేదు.

పాట అయిపోయింది. "సరే," అన్నాడు నాన్న సన్నటి గొంతుతో, శిక్ష విన్నవాడిలా. "ఇదే. ఒప్పుకున్నాను."

రికార్డుల బాబాయి గొంతు సవరించుకున్నాడు. "తప్పుగా అనుకోకపోతే ఒక మాట పెద్దాయనా. ఇక్కడ నలభైఅయిదు అని అచ్చేసి ఉంది."

"పెద్ద రికార్డయ్యా అది!"

"అప్పుడప్పుడు పెద్దవి కూడా వేస్తారు అలా. శుభ్రంగా పలుకుతుందని."

"ఇన్నేళ్లు విన్నానయ్యా నేను!"

"ఇన్నేళ్లూ మెల్లగా విన్నారు."

నాన్న స్టూలు మీద నిటారుగా అయ్యాడు. మిషను చప్పుడు విని లోపలి మర ఏది వదులైందో చెప్పగల మనిషి. ఆయన చెవికి వంకపెట్టిన మగాడు ఈ షాపులో ఇంతవరకూ అడుగుపెట్టలేదు. "పెట్టు మరి, చూద్దాం," అన్నాడు పళ్ల మధ్య నుంచి.

బాబాయి మీట జరిపి ముల్లు దించాడు.

మొదటి ఊపిరికే వేణువు ఎగిరి గంతేసింది. ఆ కాళ్లీడ్చే మనిషి కాళ్లకు రెక్కలొచ్చాయి. అదే పాట, అవే మలుపులు, కానీ నేల మీద నిలవడం లేదు. వెనక జనం చెక్క నేల మీద అడుగులు వేస్తున్న ధనధన ఇప్పుడు విడిగా తెలుస్తోంది. ఇన్నాళ్లూ దాన్ని గుండెచప్పుడు అనుకున్నారు వీళ్లు. పాట సగానికొచ్చింది. ఆ బొంగురు మగమనిషి మూలగాల్సిన చోట ఎవరో పడుచుపిల్ల పట్టలేక కిలకిలా నవ్వేసింది.

నాన్న నోరు తెరిచే ఉంది. అవమానం, అనుమానం, ఆశ్చర్యం ఒకదాని వెంట ఒకటి ఆయన ముఖం మీదుగా పోయాయి. ఆఖరికి నవ్వు వచ్చింది. పొట్టలోంచి మొదలై భుజాలు కుదిపేసింది. "ఆడపిల్లటే! నవ్వుతోందటే! ఆ మగాడికి ఎవరు పోయారో అని నేను ఎంత బాధపడ్డానే!" అని కుడి పక్క నొక్కి పట్టుకుని మరీ నవ్వాడు.

బాబాయి అట్ట వెనక సన్నటి అక్షరాలను కూడబలుక్కుని చదివాడు. "మూడోది... పెళ్లయ్యాక... చుట్టాలూ ఊరివాళ్లూ వరుస కట్టి ఆడేదట."

"పెళ్లి పాటా? చావు పాటని పెళ్లి పాట చేశారా మామయ్యా!" అన్నాడు అల్లుడు.

"తిరగేసి అన్నావు," అంది పిన్ని. ఆవిడ అప్పటికే కొంగు నడుముకు దోపుకుంది. "మా ఆయన తలుపు వేసుకుని వినేవాడు. అడుగుల చప్పుడు వస్తుంటే ఏంటా అనుకునేదాన్ని. ఇదా సంగతి!" అట్ట మీది బొమ్మలోలాగా చిటికెన వేలు చాపి, "రావయ్యా బాబూ," అని అల్లుణ్ణి లాగింది. అతను వ్యాను తిప్పినంత కష్టంగా నడుము తిప్పాడు. పిన్ని మాత్రం చక్కగా ఆడింది. పెడలు తొక్కీ తొక్కీ లయ తెలిసిన కాళ్లు అవి.

అల్లుడు ఒక చుట్టు తిరిగి వచ్చి, రొప్పుతూ బొంగరం చెవిలో అన్నాడు. "అయిపోయింది మన పని. ఆ పాట అసలు లేనే లేదని తేలిందా? ఇప్పుడు ఆపరేషనూ లేదంటాడు చూడు."

బొంగరం కూడా అదే అనుకుంటోంది. నాన్న మాట ప్రకారం నాన్నే గెలిచాడు. ఆ నెమ్మది పాట లోకంలో ఎక్కడా లేదు. ఎవరూ ఎన్నడూ వాయించలేదు. కాదనడానికి ఇంతకంటే మంచి సాకు ఆయనకు ఈ జన్మలో దొరకదు. నవ్వుతున్న ఆయన్ని చూస్తుంటే సంతోషమూ, భయమూ రెండూ కలిసి వస్తున్నాయి.

నాన్న స్టూలు దిగాడు. "అన్నయ్యగారూ, రండి," అని పిన్ని వేలు చాపింది. ఆయన ఆ చిటికెన వేలు పట్టుకుని, తల వంచి ఆవిడ పాదాలు ఎలా పడుతున్నాయో మిషను చూసినట్టు చూశాడు. ఒక అడుగు పక్కకు, ఇంకో అడుగు, చిన్న ఎగురు. రెండోసారి సరిగ్గా పడింది. మూడోసారి ఎగరబోయి, మధ్యలో 'అమ్మా' అని ఆగిపోయాడు. చేయి పక్కటెముకల కిందికి పోయింది. బొంగరం ఒక్క అంగలో వెళ్లి ఆయన్ని బల్లకు ఆనించింది. బాబాయి ముల్లు ఎత్తబోతే నాన్న వద్దని చేయి ఊపాడు.

పాట సాగుతూనే ఉంది. ఆయన వంగి ఊపిరి కూడదీసుకుంటూ, చివరి స్వరం దాకా విన్నాడు. నొప్పి తగ్గాక తల ఎత్తాడు. చాలా కోపంగా ఉన్నాడు.

"చూశావటే? అడుగు పడ్డాక ఆపేశాయి, వెధవ రాళ్లు."

బొంగరం స్టూలు దగ్గరికి లాగింది.

"డాక్టరమ్మ పొద్దున ఎన్నింటికి రమ్మంది?"

"ఏడింటికి," అంది ఆమె. అడగకూడదనుకుంటూనే అడిగేసింది. "మరి పాట, నాన్నా?"

"ఏం పాట? దీన్ని పెట్టి నన్ను సాగనంపితే వచ్చినవాళ్లంతా చిటికెన వేళ్లు పట్టుకుని గంతులేస్తారు. పరువేమన్నా ఉంటుందా? పోవడానికి నా దగ్గర ఇప్పుడు పాట లేదు. పాట లేకుండా నేను పోను. ఇక చేసేదేముంది, బతకాలి." అల్లుడూ బాబాయీ పకపకా నవ్వారు. ఆ నవ్వుల చాటున నాన్న ఆమె ఒక్కదానికే వినిపించేలా అన్నాడు. "భయమేసిందే బొంగరం. అందుకే దొరకనిదాన్ని అడిగాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న. నువ్వు అన్నం దగ్గర్నుంచి లేచిపోయినప్పుడు."

"అయినా తెచ్చావు."

"నాకు నీకంటే ఎక్కువ భయమేసింది," అంది బొంగరం. నాన్న ఆమె తల మీద చేయి పెట్టి, చిన్నపిల్లకు చేసినట్టు జుట్టంతా చెరిపేశాడు. "ఇంకోసారి పెట్టవయ్యా," అన్నాడు బాబాయితో. "కూర్చుని వింటాను. మెల్లగా కాదు."

శుక్రవారం మధ్యాహ్నానికి డాక్టరమ్మ మాస్కు గడ్డం కిందికి లాగుతూ బయటికి వచ్చి, రాళ్లతో సహా పిత్తాశయం తీసేశామని, మనిషి బాగున్నాడని, మత్తు పూర్తిగా దిగేదాకా మంచం మీద కదలకుండా చూసుకోమని చెప్పింది. బొంగరం సరేనంది.

వార్డులో కిటికీ పక్క మంచం. నాన్న ముఖం పాలిపోయి, పెదాలు ఎండి, అరమోడ్పు కళ్లతో పడుకుని ఉన్నాడు. ఇంత పెద్దమనిషి దుప్పటి కింద ఇంత చిన్నగా ఎలా అయిపోయాడా అనిపించింది. తడి గుడ్డతో పెదాలు తుడిచి, దుప్పటి సర్దుదామని కాళ్ల వైపు వెళ్లిన బొంగరం అక్కడే ఆగిపోయింది. దుప్పటి కింద పాదాలు కదులుతున్నాయి. ఒకటి పక్కకు, ఇంకొకటి, ఆపైన బొటనవేళ్లు రెండూ కలిసి చిన్నగా ఎగురు. మళ్లీ మొదటి నుంచి, హుషారుగా.

ఆమె దుప్పటి మీది నుంచే ఆ పాదాలు రెండూ పట్టుకుంది. అరచేతుల కింద అవి ఆగలేదు. కళ్ల నీళ్లు జారిపోతుంటే నవ్వు కూడా వచ్చేసింది. పక్క మంచాలవాళ్లు తలలు తిప్పి చూశారు. సెలైను మార్చడానికి వచ్చిన నర్సు నడుం మీద చేయి పెట్టుకుంది.

"పెద్దాయనా! కదలొద్దని చెప్పానా, లేదా?"

నాన్న కళ్లు తెరవలేదు. "నేనెక్కడ కదిలాను తల్లీ," అన్నాడు ముద్దముద్దగా. "అవే ఆడుతున్నాయి."